దీపావళి వానల్లో ట్రైపాడ్ ఎత్తే ముందు

చెన్నైలో మంచి మబ్బులు కావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆగాల్సిందే. ఈశాన్య రుతుపవనాలు దిగాక మెరీనా మీద ఆకాశం రోజుకో రకంగా ఉంటుంది. కెమెరా పిచ్చి ఉన్నవాళ్లకి ఇదే పండగ. కెమెరాలు పాడయ్యేదీ ఇప్పుడే. అయినా ముందు మనిషి సంగతి చూద్దాం.

లాంగ్ ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచి తీసే ఫొటోలో, చిక్కంతా షట్టర్ తెరిచాకే. లెన్సు ముందు పెట్టే నల్లద్దం లాంటి పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది) వెలుతురును దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. అది లేకుండా సెకనులో 30వ వంతు సరిపోయే చోట, అది పెడితే 34 సెకన్లు కావాలి. మబ్బు సాయంత్రం నిమిషాలు పడుతుంది. అంతసేపూ మన కళ్లు కెమెరా మీదే ఉంటాయి.

ఒకసారి బెసెంట్ నగర్‌ బీచ్‌లో ఉన్న ష్మిట్ స్మారకాన్ని నీళ్ల వైపు నుంచి తీస్తున్నాను. అంటే సముద్రానికి వీపు పెట్టి, నాలుగు నిమిషాలు లెక్కపెడుతూ. అల మోకాళ్ల దాకా వచ్చింది, పోతూ పోతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోయింది. పక్కన పెట్టిన బ్యాగు తేలిపోతుంటే పరిగెత్తి పట్టుకున్నాను. ఫొటోలో స్మారకం రెండుగా పడింది, ట్రైపాడ్ కూడా కుంగింది మరి. అప్పటినుంచి ఒంటరిగా వెళ్లను. ఒకరు కెమెరా చూస్తే ఒకరు సముద్రం చూడాలి. బ్యాగు భుజాన్నే ఉండాలి. ట్రైపాడ్ కాళ్లు ఇక దిగవు అనేదాకా ఇసుకలోకి నొక్కాలి. ఉరుము వినిపిస్తే ఎక్స్‌పోజర్ సగంలో ఉన్నా సరే, మూసేసి కారులోకో పక్కా భవనంలోకో వెళ్లిపోవాలి. చెట్టు కింద నిలబడకూడదు.

ఊళ్లో తీసేటప్పుడు భయం నిలిచిన నీళ్లతోనే. ఈబీ (కరెంటు) బాక్సులకీ దీపస్తంభాలకీ దూరంగా నిలబడండి. కారు లైట్ల గీతల కోసం రోడ్డు మధ్య డివైడర్ ఎక్కేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. కోర్టు, స్టేషన్, పోర్టు దగ్గర ట్రైపాడ్ విప్పకముందే సెక్యూరిటీని అడగండి. విప్పాక అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే.

ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకి బయట ఉక్కకి ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ఆగండి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది.

ఎడిటింగ్ కష్టాలు కూడా అక్కడికక్కడే తగ్గించుకోవచ్చు. 1913 నాటి రిపన్ బిల్డింగ్‌ను (చెన్నై కార్పొరేషన్ ఆఫీసు) కింది నుంచి తీస్తే గోడలు లోపలికి వాలతాయి. కంప్యూటర్‌లో వాటిని నిటారుగా లాగితే అంచులు తెగుతాయి, మొదట పోయేది గడియారపు గోపురమే. చుట్టూ ఖాళీ వదిలి తీయండి. తెల్లటి భవనం కాబట్టి వెలుతురు కాస్త తగ్గించి, రా ఫైల్‌గా (కెమెరా కుదించని అసలు డేటాగా) తీస్తే మేలు. ఎన్‌డీ ఫిల్టర్ అంటగట్టిన రంగును కూడా రాలో అయితే సులువుగా తీసేయొచ్చు. ఫిల్టర్ మీద చినుకు పడితే మాత్రం తుడిచి మళ్లీ తీయడమే. ఆ మరకను ఎడిటింగ్‌లో చెరపడానికి నేను రెండు రాత్రులు కూర్చున్నాను, పోలేదు.

ఇంకొకటి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలో పడే అనవసరపు చుక్కల్ని తగ్గించే సెట్టింగు) ఆన్‌లో ఉంటే నాలుగు నిమిషాల ఫొటో తర్వాత కెమెరా ఇంకో నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. వాన మొదలైందని కంగారుగా స్విచ్ ఆపేస్తే ఫొటో దక్కకపోవచ్చు. అప్పటికి షట్టర్ మూసే ఉంటుంది, కెమెరా కదిలినా నష్టం లేదు. ట్రైపాడ్‌తో సహా ఎత్తుకుని బస్టాప్ కిందికి నడిచేయండి.