గదిలో ఆకుకూరలు – 3వ పాఠం: లైటు కొనేముందు వేడి లెక్క

పోయిన పాఠంలో ట్రేలు, కొబ్బరి పొట్టు, విత్తనం నానబెట్టడం దాకా వచ్చాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో మూడు అరల ఇనుప ర్యాకు మీ దగ్గర సిద్ధంగా ఉందనుకుని మొదలుపెడుతున్నా. ఈ పాఠంలోని లెక్కలన్నీ ఆ ర్యాకుకే.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ గదిలో మొక్కలు పెంచాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఎన్ని వాట్ల లైటు కొనాలని. నేనైతే ముందు ఆ గదిలోంచి ఎంత వేడిని బయటికి పంపగలరో చూసుకోమంటాను. లైటు ఏదైనా, అది తాగిన కరెంటంతా చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. వెలుగు కూడా ఆకు మీదో గోడ మీదో పడి వేడిగా మారేదే. ఆకు తన తిండిగా దాచుకునేది చాలా కొంచెం. ఎల్ఈడీ చల్లగా ఉంటుందనే మాటలో నిజం ఎంతంటే, అదే వెలుగును తక్కువ కరెంటుతో ఇస్తుంది. వంద వాట్ల ఎల్ఈడీ అయినా, వంద వాట్ల పాత బల్బు అయినా గదికి పడే వేడి వంద వాట్లే.

ఇప్పుడు మొక్క వైపు నుంచి చూద్దాం. మన కంటికి వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మొక్క వాడుకునే వెలుగును, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతిని, చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ (కాంతి కణాలను లెక్కపెట్టే కొలత) పడుతున్నాయో చూసి కొలుస్తారు. పెట్టెల మీద పీపీఎఫ్‌డీ అని కనిపించేది ఇదే. మైక్రోగ్రీన్స్‌కు, అంటే మొలిచిన కొద్ది రోజులకే కోసే లేత మొక్కలకు, 100 నుంచి 150 ఉంటే బాగానే వస్తాయి. పాలకూర, లెట్యూస్, కొత్తిమీర ఆకుకోత దాకా పెరగాలంటే 200 పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ 2000 దాకా ఉంటుంది; గదిలో మనకు దాంతో పనిలేదు.

దీన్ని కొలిచే మీటరు ఖరీదు. తెల్ల లైటు వాడితే ఫోనులో లక్స్ యాప్ చాలు: వచ్చిన అంకెను 70తో భాగించండి. 14,000 లక్సులు అంటే సుమారు 200 మైక్రోమోల్స్. ఫోను సెన్సరు ముందు వైపు పైన, సెల్ఫీ కెమెరా పక్కనే ఉంటుంది, అది లైటు వైపు తిరిగేలా ఆకుల ఎత్తులో పట్టుకోవాలి. పాతిక శాతం తేడా వచ్చినా కంగారు లేదు, ఆకుకూర అంత పట్టింపు మనిషి కాదు. గులాబీ రంగు లైటుకు మాత్రం ఈ భాగాహారం పనికిరాదు. ఆ లైట్లు నేను కొనమనను కూడా. వాటి కింద ఆకు పసుపెక్కిందో లేదో, అడుగున పేను పట్టిందో లేదో కంటికి తెలియదు.

మన అర వైశాల్యం ఎనిమిది చదరపు అడుగులు, అంటే ముప్పావు చదరపు మీటరు. అక్కడ 200 పడాలంటే ట్రేల మీదికి సెకనుకు 150 మైక్రోమోల్స్ చేరాలి. పక్కలకు పోయేది కలుపుకుంటే లైట్లు సెకనుకు 200 మైక్రోమోల్స్ ఇవ్వాలి. మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికే 20 వాట్ల, 2000 ల్యూమెన్ల (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లే లక్సులు) ఎల్ఈడీ ట్యూబులైటు ఇచ్చేది, 2000ను అదే 70తో భాగిస్తే, 28 చిల్లర. అంటే అరకు ఏడు ట్యూబులు, 140 వాట్లు. వాటుకు 2.7 మైక్రోమోల్స్ ఇచ్చే, మొక్కల కోసమే చేసిన మంచి గ్రో లైటు బార్లయితే అదే పని 75 వాట్లలో అయిపోతుంది. రోజుకు 14 గంటల చొప్పున వేస్తే మూడు అరలకు ట్యూబులతో సుమారు 6 యూనిట్లు, బార్లతో 3 యూనిట్ల పైచిలుకు. ఇంటి మీటరు మీదే నడిపితే ఈ అదనపు యూనిట్లు పై స్లాబు రేటులో పడతాయి, ఆ సంగతి మరిచిపోవద్దు.

మైక్రోగ్రీన్స్ మాత్రమే పెంచేవాళ్లు ట్యూబులతోనే మొదలుపెట్టండి, అరకు నాలుగు చాలు. ఊళ్లోనే దొరుకుతాయి, పోతే వెంటనే మార్చుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో "1000 వాట్లు" అని రాసి ఉన్న లైటు చాలాసార్లు గోడ ప్లగ్గు నుంచి తాగేది 100 వాట్లే. చూడాల్సింది నిజంగా తాగే వాట్లు, వాటుకు ఇచ్చే మైక్రోమోల్స్. ఆ రెండూ రాయని పెట్టెను పక్కన పెట్టేయండి. కొన్నిటికి వెజ్ (ఆకు దశకు), బ్లూమ్ (పూత దశకు) అని రెండు స్విచ్‌లుంటాయి. గ్రో లైట్ల వ్యాపారానికి పెద్ద గిరాకీ తెచ్చింది అమెరికా, కెనడాల్లోని గంజాయి గదులు. కెనడాలో అది 2018 నుంచి చట్టబద్ధం. మన దేశంలో లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నేరం, పదేళ్ల దాకా కఠిన జైలు. మనకు సంబంధించిన విషయం ఏమిటంటే, పూత కోసం ఆ మొక్కకు ఇచ్చే వెలుగు మన ఆకుకూరకు మూడు నాలుగు రెట్లు. వాళ్ల వీడియోలు చూసి లైటు కొంటే గది పొయ్యి అవుతుంది.

ఇక అసలు తలనొప్పి వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో మేడ మీది గదిలో పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పదకొండు, పన్నెండు దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. కాబట్టి ర్యాకును కింది అంతస్తులో, పడమటి గోడకు ఆనని గదిలో పెట్టండి. మేడ మీద తప్పదంటే శ్లాబుకు సున్నం కొట్టించండి. లైట్లు పగలే వెలగాలని నియమం ఏమీ లేదు. టైమరు పెట్టి రాత్రి పదికి వేసి మధ్యాహ్నం పన్నెండుకు ఆపండి. చల్లటి తెల్లవారుజాము లైట్ల వేడిని కొంత మింగుతుంది, వడగాలి వేళకు లైట్లు ఆగి ఉంటాయి.

ఎగ్జాస్ట్ ఫ్యాను లెక్క సులువు. లైట్ల వాట్లను మూడుతో గుణించి, బయటికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువైనా ఫర్వాలేదనుకుంటున్నారో ఆ అంకెతో భాగిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగాలో వస్తుంది. మూడు అరల బార్లకు 225 వాట్లు, రెండు డిగ్రీలు అనుకుంటే సుమారు 340. ఫ్యాను పెట్టె మీద ఈ అంకె వేసి ఉంటుంది, దానికి కాస్త పైది తీసుకోండి. గాలి లోపలికి రావడానికి ఎదురు గోడకు కింద ఒక దారి ఉండాలి, లేకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది. ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా గది బయటి గాలికంటే చల్లబడదు. బయట 41 ఉన్నప్పుడు కిటికీ మూసి ఉంచడమే మేలు, చల్లబడ్డాక తెరవండి.

కూలరు సంగతి. వడగాలి వేళ, 40 డిగ్రీలు, 30 శాతం తేమ ఉన్నప్పుడు కూలరు గాలిని సిద్ధాంతంగా 26 దాకా దించగలదు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగి 34 డిగ్రీలు, 70 శాతం తేమ అయ్యిందా, ఎంత ఊదినా 29 కిందికి రాదు. పైగా ఆ ఉక్కపోతలో మైక్రోగ్రీన్స్‌కు బూజు పడుతుంది. ఏసీ అయితే లైట్లు తాగే ప్రతి మూడు యూనిట్ల వేడి తీయడానికి సుమారు ఒక యూనిట్ అదనంగా తాగుతుంది. నన్నడిగితే మే నెలలో నెల్లూరులో ఏసీ పెట్టి లెట్యూస్ పండించడం డబ్బున్నవాళ్ల సరదా. లెట్యూస్ విత్తనం 30 డిగ్రీలు దాటితే సరిగ్గా మొలవదు, మొలిచినా వేడికి కాడ లేచి ఆకు చేదెక్కుతుంది. దాన్ని నవంబరు నుంచి ఫిబ్రవరికి ఉంచుకోండి. ఎండాకాలానికి తోటకూర ఉంది. అది వేడిని ఇష్టపడే జాతి, 35 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది.

చాలామంది గమనించనిది ఒకటుంది. ఎల్ఈడీ వేడి ఎక్కువగా దాని వీపు వైపు పోతుంది. కింది అర లైటు వీపు పై అర ట్రే అడుగుకు ఆనుకుని ఉంటే, పై అర మొక్కల వేళ్లు కాగుతాయి. మధ్యాహ్నం నీళ్లు పోసినా ఆకు వేలాడుతుంటే ట్రే కింద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా తగులుతుంది. వెచ్చటి తడిలో ప్రాణవాయువు తగ్గుతుంది, వేరుకుళ్లు అక్కడే మొదలవుతుంది. లైటుకీ పై రేకుకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి, పక్కనుంచి చిన్న ఫ్యాను గాలి ఆ సందులోకి పోనివ్వండి. గాలికి ఆకు సన్నగా ఊగితే చాలు, వంగిపోకూడదు. డ్రైవర్లు (కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టెలు) విడిగా ఉన్న లైట్లయితే వాటిని గది బయట బిగించండి, లైటు కరెంటులో పదో వంతు వేడి అక్కడే ఆగిపోతుంది. వైర్లు నీళ్ల ధారకు దూరంగా ఉండాలి. ఆ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపేసే స్విచ్) లేకుండా మాత్రం ర్యాకు మొదలుపెట్టొద్దు.

వచ్చే పాఠానికి ముందు ఈ పని చేయండి. ప్రతి అరలో నాలుగు మూలలా, మధ్యలో లక్సులు కొలిచి రాసుకోండి. మూలల్లో వచ్చిన అంకె మధ్యలో వచ్చినదాంట్లో సగం కంటే తక్కువుంటే పక్కలకు తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టి మళ్లీ కొలవండి. తర్వాత ఒక రోజు లైట్లు వేసి, ఒక రోజు ఆపి, తెల్లవారి అయిదుకీ, పదకొండుకీ, మధ్యాహ్నం మూడుకీ, రాత్రి పదికీ గదిలోనూ బయటా ఉష్ణోగ్రత రాయండి. ఆ పట్టిక దగ్గర పెట్టుకుని కూర్చుంటే నాలుగో పాఠంలో నీళ్లు ఎప్పుడు, ఎంత పోయాలో లెక్క కడదాం.