థేమ్స్ ఒడ్డున హత్య: ఔత్సాహిక డిటెక్టివ్ కథ అల్లే పద్ధతి

ఇంగ్లండ్‌లో నది ఒడ్డున ఓ చిన్న ఊరు, నీళ్లలో ఒక శవం, ఆరా తీయడానికి తీరిక ఉన్న ముగ్గురు నలుగురు ఊరివాళ్లు. ఈ తరహా కథ రాయాలని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు హంతకుణ్ని ఎంచుకుంటారు. మూడో అధ్యాయానికల్లా కథ మొరాయిస్తుంది. హత్య అని తేలిన మరుక్షణం ఊళ్లోకి డిటెక్టివ్‌లు దిగుతారు, టేపులు కడతారు, ఫోన్ రికార్డులు, సీసీటీవీ, బ్యాంకు ఖాతాలు అన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. రిటైరైన టీచరమ్మకూ పడవలు బాగుచేసే పెద్దాయనకూ ఇక అక్కడ పనేముంది?

కాబట్టి మొట్టమొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ చావును చట్టం ఎన్నాళ్లు హత్య అనకుండా ఊరుకుంటుంది? ఆ మధ్యకాలమే మీ కథ. మిగతా నిర్ణయాలన్నీ, రుతువుతో సహా, దాన్ని బట్టే తీసుకోవాలి.

ఆ మధ్యకాలం ఎలా పుడుతుంది

ఇంగ్లండ్‌లో చావు హింస వల్లో అసహజంగానో జరిగినా, కారణం తెలియకపోయినా కరోనర్ (ఇలాంటి మరణాలను విచారించే అధికారి) విచారణ తప్పదు. 2009 నాటి కరోనర్స్ అండ్ జస్టిస్ చట్టం ప్రకారం కరోనర్ తేల్చేవి నాలుగు: పోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. ఫలానా మనిషి నేరం చేశాడని కరోనర్ ప్రకటించకూడదు.

శవం దొరికిన పూట పోలీసులకు అనుమానం వచ్చిందనుకోండి, హోమ్ ఆఫీస్ (అక్కడి హోం శాఖ) జాబితాలో ఉన్న ఫోరెన్సిక్ పాథాలజిస్టు వస్తారు. గోళ్ల కింద మట్టి దగ్గర్నుంచి మెడ కండరాల దాకా పొరపొరనా చూస్తారు. అనుమానం రాకపోతే ఆసుపత్రి పాథాలజిస్టు చేసే మామూలు పోస్ట్‌మార్టంతో సరి. మీకు కావాల్సింది ఈ రెండోది. మునిగి చనిపోయారని ఒకే ఒక్క పరీక్షతో రుజువు చేసే మార్గం లేదు. నురగ, ఉబ్బిన ఊపిరితిత్తులు లాంటి సూచనలు చూసి, మిగతా కారణాలను ఒక్కొక్కటే కొట్టేసి, చివరికి ఆ మాట రాస్తారు. ఎవరో తోశారా, కాలు జారిందా అన్నది ఊపిరితిత్తులు చెప్పవు.

ఇక్కడ కొత్త రచయితలు చేసే పొరపాటు, తల మీద సుత్తితో కొట్టించి నీళ్లలోకి విసిరేయించడం. గుంటపడిన ఎముకను మామూలు పాథాలజిస్టు కూడా వదలరు, అదే రోజు ఫోరెన్సిక్ వాళ్లకు కబురు వెళ్తుంది. ఆయుధం అక్కర్లేని చావు ఎంచుకోండి. నీటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తక్కువుంటే అందులో హఠాత్తుగా పడ్డ మనిషి అప్రయత్నంగా గట్టిగా ఊపిరి లాగుతాడు. ముఖం నీళ్ల కింద ఉన్నప్పుడు అది జరిగితే ఈత వచ్చినా లాభం లేదు. చలికాలంలో, వసంతం మొదట్లో థేమ్స్ అంతకంటే చల్లగానే ఉంటుంది. అందుకే మార్చి నెల పెట్టుకోండి. వేసవి పడవ పందేలు కంటికి ఇంపే గానీ, అప్పుడు ఒడ్డంతా సాక్షులే.

ఇన్‌క్వెస్ట్‌ను, అంటే కరోనర్ విచారణను, క్లుప్తంగా ప్రారంభించి, అంత్యక్రియలకు శవాన్ని అప్పగించి, అసలు విచారణ తర్వాతికి వాయిదా వేస్తారు. వీలైతే ఆరు నెలల్లోపు ముగించాలని నియమం. దహనం అయిపోతే రెండో పోస్ట్‌మార్టం అసాధ్యం. మీ పాత్రలను పరిగెత్తించే గడువు అదే. చావుకూ దహనానికీ మధ్య రెండు మూడు వారాలు ఉంచితే నమ్మశక్యంగా ఉంటుంది.

నదిని కాగితం మీద గీయండి

ఊరు కల్పించుకోండి, నదిని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. హర్లీ, టెంపుల్, మార్లో, కుకమ్: పైనుంచి కిందికి వరుసగా వచ్చే లాక్‌లు ఇవి. లాక్ అంటే పడవలను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించే, దించే, రెండు వైపులా గేట్లున్న గది. వీటి మధ్య ఎక్కడైనా మీ ఊరిని ఇరికించవచ్చు. 1832లో పూర్తయిన మార్లో వేలాడే వంతెన అందరికీ తెలిసిన గుర్తు. దాన్ని పేరు మార్చి మీ ఊళ్లో కడితే అక్కడి పాఠకుడు వెంటనే పట్టేస్తాడు.

లండన్ శివార్లలోని టెడింగ్టన్ లాక్‌కు ఎగువన, అంటే మీ ఊరున్న భాగంలో, థేమ్స్‌లో సముద్రపు ఆటుపోట్లు ఉండవు. "పోటు తగ్గాక శవం బయటపడింది" అని రాశారా, పుస్తకం అక్కడే మూసేస్తారు. ఇక్కడ నీరు ఒకే వైపుకు, కిందికే పోతుంది. దీని నిర్వహణ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థది. పడవల వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు, అంటే చురుగ్గా నడిచే మనిషి కంటే కాస్త ఎక్కువ. పడవల్లో వెంటాడే సన్నివేశం ఉంటే ఇది గుర్తుంచుకోండి. ఒడ్డున సైకిల్ మీద వెళ్లే అమ్మాయి హాయిగా దాటేస్తుంది, సన్నివేశం నవ్వులాటగా రాస్తేనే పండుతుంది.

ప్రతి లాక్ పక్కనా వియర్ అనే అడ్డుకట్ట ఉంటుంది. పడవలు లాక్ లోంచి, ప్రవాహం వియర్ మీదుగా వెళ్తాయి. శవమూ ప్రవాహంతోనే పోతుంది. వియర్ దాటి కిందపడ్డ శవానికి దెబ్బలు తగలకుండా ఉండే అవకాశం తక్కువ. కాబట్టి దెబ్బల్లేని శవం వియర్‌కు దిగువన దొరికితే, మనిషి నీళ్లలో పడింది కూడా ఆ దిగువనే అయ్యుండాలి. మీ పడవల పెద్దాయన చెప్పాల్సిన మాట సరిగ్గా ఇదే, దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. లాక్ లోపలే శవం దొరికితే ఇంకా మంచిది: రెండు వైపులా గేట్లు మూసి ఉన్న పెట్టెలోకి ఏదీ దానంతట అది కొట్టుకురాదు.

లాక్ పనితీరు కూడా తప్పు రాయకండి. లోపలి నీటి మట్టం బయటి మట్టంతో సమానమయ్యేదాకా గేటు తెరుచుకోదు, ఎంత బలవంతుడైనా తోయలేడు. లాక్ కీపర్ లేని వేళల్లో కూడా పడవవాళ్లు లాక్‌ను తామే నడుపుకోవచ్చు. అర్ధరాత్రి లాక్ వాడారంటే కీపర్ చేతివాటమే అని మీ ఇన్‌స్పెక్టర్ తేల్చేస్తే అది ఆయన తొందరపాటు.

వానల తర్వాత లాక్‌ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెడతారు. పసుపు బోర్డు ప్రవాహం పెరుగుతోందనో తగ్గుతోందనో చెప్తుంది. ఎర్ర బోర్డు ఉంటే ఉరవడి ఎక్కువని, పడవలు కదలకపోవడం మంచిదని. ఎర్ర బోర్డు రోజున హత్య పెట్టుకుంటే నదిలో సాక్షులు ఉండరు, శవం ఎక్కువ దూరం పోతుంది, ప్రమాదం అనుకోవడానికీ సాకు దొరుకుతుంది. ఒక జాగ్రత్త: శవం సాధారణంగా ముందు మునుగుతుంది, లోపల వాయువులు పుట్టాక తేలుతుంది. చల్లటి నీళ్లలో దానికి వారాలు పట్టవచ్చు. మర్నాడు పొద్దున్నే దొరకాలంటే శవం మునిగేలోపే విల్లో చెట్టు వేళ్లకో, వియర్ ముందున్న కడ్డీలకో తట్టుకోవాలి. కారణం చెప్పకుండా తేల్చేయకండి.

ఇంకో చిన్న విషయం. ఈ భాగంలో నదికి ఒక పక్క బకింగ్‌హామ్‌షైర్, మరోపక్క బెర్క్‌షైర్. రెండింటికీ థేమ్స్ వ్యాలీ పోలీసే, కానీ కరోనర్లు వేరు. శవం ఏ ఒడ్డున ఉందన్న దాన్ని బట్టి ఫైలు ఎవరి దగ్గరికి వెళ్తుందో మారుతుంది.

ఔత్సాహికులకు తలుపులు ఎలా తెరుచుకుంటాయి

స్నేహితుడైన ఇన్‌స్పెక్టర్ టీ తాగుతూ ఫైలంతా చెప్పేయడం అరిగిపోయిన దారి, పైగా అలా చెప్తే ఆయన ఉద్యోగానికే ముప్పు. నిజమైన దారులు ఇంతకంటే బాగుంటాయి. ఇన్‌క్వెస్ట్ బహిరంగంగా జరుగుతుంది, ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. చనిపోయినవారి దగ్గరి బంధువులకు సాక్షులను ప్రశ్నించే హక్కు, పోస్ట్‌మార్టం నివేదిక లాంటి కాగితాలు అడిగే హక్కు ఉంటాయి. కాబట్టి మీ బృందంలో ఒకరిని మృతుడి అక్కనో కూతుర్నో చేయండి, సగం తలుపులు చట్టబద్ధంగానే తెరుచుకుంటాయి.

మిగతా సగం ప్రజలకు అందుబాటులో ఉండే రికార్డులు. ప్రొబేట్ (చట్టపరమైన ధ్రువీకరణ) అయిన వీలునామా నకలు ఎవరైనా తెప్పించుకోవచ్చు. కంపెనీ డైరెక్టర్ల వివరాలు కంపెనీస్ హౌస్‌లో ఉచితం. ఇల్లు ఎవరి పేరున ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో దొరుకుతుంది. అన్నిటికంటే రసవత్తరమైనవి కౌన్సిల్ వెబ్‌సైటులో ఉండే నిర్మాణ అనుమతుల దరఖాస్తులు: పొరుగువాళ్ల అభ్యంతరాలు అక్కడ వివరంగా ఉంటాయి. నది కనిపించే కిటికీకి అడ్డంగా లేవబోయే రెండంతస్తుల బోట్‌హౌస్ మీద ఎనిమిది పేజీల అభ్యంతరం చదివితే, ఆ ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదో ఇట్టే తెలిసిపోతుంది.

చేయకూడనివీ ఉన్నాయి. పోలీసులమని నమ్మించడం నేరం. ఆధారాన్ని జేబులో వేసుకోవడం న్యాయప్రక్రియకు అడ్డుపడటం కిందికి రావచ్చు. ఇతరుల తోటలోకి అనుమతి లేకుండా నడిచి వెళ్లడం మాత్రం సాధారణంగా సివిల్ తగాదాయే. దొంగిలించే ఉద్దేశంతో ఇంట్లోకి దూరితే అది బర్గ్లరీ. ఈ గీత మీద నడిపిస్తే సన్నివేశానికి బిగువు వస్తుంది.

అలిబీని పగలగొట్టడం: ఒక నమూనా

ఇంగ్లిష్ చర్చి గంటలు అలిబీకి, అంటే నేరం జరిగిన వేళ తాను వేరేచోట ఉన్నానన్న రుజువుకు, పెట్టి పుట్టినవి. చర్చిలోని ఎనిమిది గంటలను ప్రతిసారీ వరస మార్చి మోగించే పూర్తి 'పీల్' అంటే కనీసం 5,000 వరస మార్పులు, ఆపకుండా సుమారు మూడు గంటల సేపు. ఒక్కో గంటను మొదట్నుంచి చివరిదాకా ఒకరే మోగించాలి, మధ్యలో మనిషి మారకూడదు. తాడు వదిలి నది దాకా వెళ్లి రావడం కుదరదు.

మార్చి మధ్యలో ఒక శనివారం, చర్చి తలుపు మీద కాగితం: "పీల్, సాయంత్రం 4 నుంచి 7". ఆరు దాటాక సూర్యాస్తమయం. ఆరున్నర ప్రాంతంలో ఒక రిటైర్డ్ సొలిసిటర్ (న్యాయవాది) నదిలో పడ్డాడు. అనుమానితుడు గంటలు మోగించే బృందంలో ఉన్నాడు, మిగతా ఏడుగురూ వేరే ఊళ్లవాళ్లు. యూనిఫారంలో వచ్చిన కానిస్టేబుల్ ఎక్కడున్నావని మర్యాదకు అడిగాడు, "గంటల దగ్గర ఉన్నా" అన్నాడు అనుమానితుడు, కానిస్టేబుల్ కాగితం చూసి రాసుకుని వెళ్లిపోయాడు.

అసలు జరిగింది: గంటన్నరకే ఎవరో వరస తప్పారు, పీల్ చెడిపోయింది, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. పూర్తయిన పీల్‌ల వివరాలు, మోగించినవాళ్ల పేర్లతో సహా, 'రింగింగ్ వరల్డ్' పత్రికలోనో 'బెల్‌బోర్డ్' వెబ్‌సైటులోనో వేసుకోవడం ఆ వ్యసనపరులకు పరిపాటి. ఒకప్పుడు గంటలు మోగించిన మీ టీచరమ్మ వెతుకుతుంది. ఆ శనివారం ఆ చర్చి పేరు ఎక్కడా లేదు. రికార్డు లేకపోవడమే క్లూ.

పదునైన పాఠకుడు ఇక్కడ పట్టుకుంటాడు: మిగతా ఏడుగురికి ఫోన్ చేస్తే పోలీసులకు ఐదు నిమిషాల్లో తెలిసిపోదా? తెలిసిపోతుంది, అడిగితే. ప్రమాదం అనుకున్నారు కాబట్టి అడగలేదు. అలిబీని తనిఖీ చేసే అవసరమే పుట్టని కాలంలో మీ కథ నడుస్తోంది. హత్య అని తేలాక ఇదే క్లూ పెడితే నవ్వులపాలవుతుంది. అలాగే 30వ పేజీ లోపు చర్చి తలుపు మీది కాగితాన్ని, ఐదున్నరకు గంటలు ఆగి ఊళ్లో కుక్కల మొరుగుడు వినిపించడాన్ని, వేరే పనిలో భాగంగా చూపించేయండి. దాచిపెట్టి చివర్లో తీస్తే మోసం.

ఆయుధాలు, విషాలు, డబ్బు

1996లో స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో జరిగిన కాల్పుల తర్వాత, 1997లో బ్రిటన్‌లో చేతి తుపాకులను దాదాపుగా నిషేధించారు. సొరుగులోంచి రివాల్వర్ తీసే కల్నల్ పాత్ర ఇప్పటి కథలో పనికిరాదు. వేటకు షాట్‌గన్ ఉండొచ్చు, దానికి పోలీసులిచ్చే సర్టిఫికెట్ కావాలి, కాబట్టి యజమాని పేరు పోలీసు రికార్డులో ఉంటుంది. మీ ఇన్‌స్పెక్టర్ కూడా మామూలుగా తుపాకీ లేకుండానే తిరుగుతాడు.

విషం పెడితే వ్యవధి చూసుకోండి. పారాసిటమాల్‌తో మనిషి అక్కడికక్కడే పోడు, కాలేయం దెబ్బతిని రోజులు పడుతుంది. మామూలు దుకాణాల్లో ప్యాకెట్‌కు 16 మాత్రలే అమ్ముతారు కూడా. మోతాదులు రాయకండి, కథకు ఆ అవసరం ఉండదు.

వారసత్వం కోసం చంపినవాడికి సాధారణంగా ఆ ఆస్తి దక్కదు, చట్టం అడ్డుకుంటుంది. అందుకే ప్రమాదంలా కనిపించడం హంతకుడికీ అవసరం, మీకూ అవసరం. 1837 నాటి వీలునామాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది: వీలునామా రాసినవాడి సంతకానికి ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండాలి. ఆస్తి పొందేవాడో అతని భార్యో సాక్షి సంతకం చేస్తే వీలునామా చెల్లుతుంది గానీ అతని వాటా పోతుంది. ఈ సంగతి సొలిసిటర్‌కు తెలుసు, హంతకుడికి తెలియదు అనుకోండి, హత్యకు కారణం దొరికినట్టే.

ముగింపు వైపు

రెండో చావు పెట్టాలనిపిస్తుంది. అది మధ్యకాలాన్ని మూసేస్తుందని తెలిసి పెట్టండి, పుస్తకంలో నాలుగింట మూడు వంతులు దాటాక. ఆ తర్వాత మేజర్ క్రైమ్ బృందం వస్తుంది, మీవాళ్లు సాక్షులైపోతారు. అప్పటికి వాళ్ల చేతిలో ఒక్క విషయమే మిగలాలి, పోలీసులు అడగాలని కూడా అనుకోనిది.

అరెస్టు తర్వాత గడియారం కూడా వాడుకోవచ్చు. అభియోగం మోపకుండా ఉంచుకోగలిగేది 24 గంటలు. తీవ్రమైన నేరమైతే సూపరింటెండెంట్ అనుమతితో 36, మేజిస్ట్రేట్ల కోర్టు ఒప్పుకుంటే మొత్తం 96 దాకా. పొరపాటున మరో మనిషిని పట్టుకుంటే, ఆ గడువులో మీ బృందం, గంటలు మోగించిన ఆ ఏడుగురిలో ఒక్కరినైనా ఫోన్‌లో పట్టుకోవాలి. హంతకుణ్ని గదిలో కూర్చోబెట్టి అరపేజీ ఉపన్యాసంతో ఒప్పించే సన్నివేశం కంటే, "మీరు ఆ రోజు ఎన్నింటికి ఆపేశారు?" అన్న ఫోన్ కాల్‌కు అవతలి గొంతు "ఐదున్నరకే కదండీ" అనడం చాలు.