సాంబారు పొడి గడ్డ కడుతోందా? ముందు మూత లోపలి వైపు చూడండి

చెన్నైలో అక్టోబరు వస్తే మనవాళ్ల ఇళ్లలో ఇదే మాట: సాంబారు పొడి గడ్డ కట్టింది, వాసన మారింది. నేరం వానమీదకి తోసేస్తారు. ఈశాన్య రుతుపవనాలకి డిసెంబరు దాకా ఇక్కడ తేమ ఎక్కువే. కానీ మండుటెండల మే నెలలో ఆడించిన పొడి కూడా ఉండలు కడుతుంటే వాన ఏం చేసింది?

మూత తీసి లోపలి వైపు వేలితో రాసి చూడండి. ఇంత చిన్న పని ఎవరూ చేయరు. అక్కడ పొడి తడిసి ముద్దలా అంటుకుని ఉంటే, మరుగుతున్న గిన్నె మీదే డబ్బా వంచి పొడి వేస్తున్నారు, లేదా పొడిని వేడిగానే డబ్బాకెత్తారు. మొదటిది చెంచా వాడితే పోతుంది. రెండోదే అందరినీ మోసం చేస్తుంది.

మిల్లు నుంచి పొడి వేడిగా వస్తుంది. ఇంటికి చేరేసరికి పైపైన చల్లబడుతుంది. ముట్టుకుని సరేననుకుని స్టీలు డబ్బాలో నొక్కి మూత బిగిస్తారు. మధ్యలో వేడి చాలాసేపు అలాగే ఉంటుంది. ఆ వేడికి పొడిలో మిగిలిన తేమ ఆవిరై, మూతకి తగిలి నీరై, తిరిగి పొడిలోనే పడుతుంది. ఆ డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టారంటే మూత ఇంకా చల్లబడి నీరు ఇంకా ఎక్కువ చేరుతుంది.

తెచ్చిన వెంటనే వెడల్పాటి పళ్లేల్లో పలచగా పరవండి. అప్పుడప్పుడు కలపండి. అడుగు దాకా చెయ్యి పెట్టినా వెచ్చదనం తగలకూడదు. అంతే, వెంటనే బాగా ఆరిన డబ్బాలోకి ఎత్తేయండి. వానాకాలంలో రాత్రంతా వదిలేస్తే బయటి తేమ పీల్చుకుంటుంది. వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటే పెద్ద డబ్బా మాటిమాటికీ తెరవక్కర్లేదు.

ఇప్పటికే గడ్డ కట్టిందా? బూజు, ముక్కిన వాసన లేకపోతే బాణలి వేడిచేసి, పొయ్యి కట్టేసి, అందులో పొడి వేసి కలపండి. చల్లార్చి జల్లించి త్వరగా వాడేయండి. బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయండి. మిరపకాయలకి పట్టే కొన్ని బూజుల వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది వంట వేడికి పోదు.

చేదుగా ఉంటే మెంతులు మాడాయి. వాటిని విడిగా వేయించి, రంగు మారగానే వేరే పళ్లెంలోకి తీయండి. వేడి బాణలిలో వదిలేస్తే పొయ్యి కట్టేసినా మాడతాయి. వాసనే లేకపోతే ధనియాలు పాతవి. కొనేటప్పుడే రెండు గింజలు నలిపి చూడాలి. ఇంగువలో పిండి ఎక్కువైందనీ, మిక్సీ బ్లేడు పాడైందనీ వెతుక్కోకండి, కారణం అదవడం అరుదు.