మాఘమాసం కార్డుల సీజన్‌కి ముందు: సిస్టమ్ మార్చిన డీటీపీ వాళ్లకు జాగ్రత్తలు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే అమలాపురం, పాలకొల్లు, భీమవరం పెళ్లికార్డుల షాపుల్లో, కంప్యూటర్ మీద కార్డు మేటరు కొట్టే డీటీపీ వాళ్లకు ఊపిరాడదు. ఈమధ్య దానికి ఇంకో టెన్షన్ తోడైంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పాత సిస్టమ్ మీద విండోస్ 11 ఎక్కక, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకునేవాళ్లున్నారు, పిల్లల మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) తెచ్చుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. సిస్టమ్ ఒక్కరోజులో మారుతుంది గానీ వేళ్ల అలవాటు అంత తొందరగా మారదు.

నన్నడిగితే టైపింగ్ తప్పు కంటే సెలెక్షన్ తప్పుకే ఎక్కువ భయపడాలి. పాత కార్డు మేటరు తీసి పేర్లు మార్చేటప్పుడు ఒక్క మాట సెలెక్ట్ కాకుండా మిగిలితే, పోయినేడాది పెళ్లికొడుకు ఇంటిపేరు ఈ ఏడాది కార్డులోకి వచ్చేస్తుంది. అందులో అక్షరదోషం ఉండదు కాబట్టి ప్రూఫు చూసేవాళ్ల కంటికి ఆనదు.

లినక్స్‌లో ముందు మౌస్ చక్రంతో జాగ్రత్త. అక్కడ మాటను సెలెక్ట్ చేస్తే చాలు, కాపీ కొట్టకపోయినా అది గుర్తుండిపోతుంది. మధ్య బటన్ నొక్కగానే పేస్ట్ అయిపోతుంది. 1984లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైన, తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో అనే ప్రోగ్రాము నుంచి వచ్చిన పద్ధతి ఇది. మన మౌస్‌లకు మధ్య బటన్ అంటే చక్రమే. మేటరు కిందికి జరుపుతూ చక్రాన్ని కాస్త గట్టిగా నొక్కితే, ఎక్కడో సెలెక్ట్ చేసిన ముక్క ముహూర్తం లైను మధ్యలో పడుతుంది. కంట్రోల్ సీతో తీసిన కాపీ దీనికి పూర్తిగా వేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త పేరు సెలెక్ట్ చేసి, దాన్ని పెట్టాలని పాత పేరునూ సెలెక్ట్ చేశారంటే, ఇప్పుడు గుర్తున్నది పాత పేరే. మీ లినక్స్‌లో తెర గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌ది అయితే, ట్వీక్స్ అనే సెట్టింగ్స్ ప్రోగ్రాములో ఈ మధ్య బటన్ పేస్ట్‌ను ఆపేయొచ్చు. సీజన్ అయ్యేదాకా ఆపి ఉంచండి.

మాటల మధ్య ఖాళీలు చూసుకోండి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని కుడి బాణం నొక్కితే మాటతో పాటు దాని తర్వాతి ఖాళీ కూడా సెలెక్ట్ అవుతుంది. మ్యాక్‌లో ఆ పని ఆప్షన్, షిఫ్ట్‌లతో చేయాలి, సెలెక్షన్ మాట చివరే ఆగుతుంది. లినక్స్‌లో ప్రోగ్రామును బట్టి మారుతుంది. పాత అలవాటుతో కట్ చేసి అతికిస్తే ఇంటిపేరూ పేరూ కలిసిపోవచ్చు, లేదా మధ్యలో రెండు ఖాళీలు పడొచ్చు.

మ్యాక్‌లో ఎండ్ కీతో మరీ జాగ్రత్త. లైను చివరిదాకా వస్తుందనుకుని షిఫ్ట్ ఎండ్ కొడితే, మ్యాక్‌తో వచ్చే టెక్స్ట్ఎడిట్ లాంటి ప్రోగ్రాముల్లో అక్కడి నుంచి మేటరు చివరిదాకా మొత్తం సెలెక్ట్ అవుతుంది. చూడకుండా ఒక్క అక్షరం టైప్ చేస్తే విందు వేళ, కల్యాణమండపం అడ్రసు అన్నీ పోతాయి. అక్కడ లైను చివరికి వెళ్లాలంటే కమాండ్‌తో కుడి బాణం. సెలెక్ట్ చేయాలంటే షిఫ్ట్ కలపండి. విండోస్ కీబోర్డు తగిలిస్తే విండోస్ కీయే కమాండ్‌గా పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో కంట్రోల్, కమాండ్ తారుమారు చేసుకోవచ్చు గానీ, ఆ సిస్టమ్ మీద మీరొక్కరే కూర్చుంటేనే ఆ పని చేయండి.

పాతకాలం నుంచి షిఫ్ట్ డిలీట్‌తో కట్ చేసే పెద్దవాళ్లు మన షాపుల్లో ఇంకా ఉన్నారు. విండోస్‌లో మేటరు మీద అది కట్టే. అదే ఫైలు మీద పడితే ఆ ఫైలు రీసైకిల్ బిన్‌కి కూడా పోకుండా చెరిగిపోతుంది. ఈ సీజన్‌కైనా ఆ అలవాటు మానేయమని వాళ్లకి నెమ్మదిగా చెప్పండి.

తెలుగు పేర్లను అక్షరం అక్షరం దిద్దకండి. 'లక్ష్మి' చివర బ్యాక్‌స్పేస్ కొడితే ఒకచోట గుడి మాత్రమే పోతుంది, ఇంకోచోట అంతకంటే ఎక్కువ పోవచ్చు. పేరంతా సెలెక్ట్ చేసి మళ్లీ టైప్ చేయడమే క్షేమం. అను అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న మేటరు, అన్ని సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్ పద్ధతిలోది కాదు, కాబట్టి దాన్ని విండోస్ సిస్టమ్‌లోనే ఉంచండి.

పాత ఫైలు మీద నేరుగా పని చేయొద్దు, కాపీ తీసుకుని దాని మీద చేయండి. ప్రూఫు పెళ్లివారికి పంపేముందు కంట్రోల్ ఎఫ్, మ్యాక్ అయితే కమాండ్ ఎఫ్ కొట్టి, పాత కార్డులోని ఇంటిపేర్లు, ఊళ్లు, తేదీ ఒక్కొక్కటే వెతకండి. ఒక్కటి దొరికినా మేటరంతా మళ్లీ మొదటి నుంచి చదవండి.