స్నానాల గది నీళ్లను పెరటి చెట్లకు మళ్లించడం ఎలా?

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే వీధుల్లోనే స్నానాల నీళ్లు మురికికాలువ పాలవుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది ప్రభుత్వ లెక్క. అందులో 55 స్నానానికి, 20 బట్టలకు. మన కుళాయిల్లో అంత రాకపోయినా, వాడే నీళ్లలో సగానికి పైగా ఈ రెండు పనులకే పోతాయి.

1. ముందు ఏ నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకోండి. మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకుకే పోవాలి, వాటి జోలికి వెళ్లొద్దు. స్నానం నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లతో మొదలుపెట్టండి.

2. స్నానాల గది బయట గొట్టానికి రెండు దారుల వాల్వు పెట్టించండి. ఒక దారి చెట్లకు, ఇంకోటి పాత కాలువకు. వాన పడిన రోజు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలైనప్పుడు, పసిబిడ్డ గుడ్డలు ఉతికినప్పుడు, యాసిడ్‌తో గది కడిగినప్పుడు కాలువ వైపు తిప్పేయాలి. చెట్లకు వెళ్లే గొట్టానికి పది అడుగులకు రెండున్నర అంగుళాల వాలు ఉంటే మోటారు అవసరం రాదు.

3. పాదు తీయడం దగ్గరే అసలు పని ఉంది. మొదలుకు ఆనకుండా, చెట్టు చుట్టూ అడుగు లోతున తీసి, వేరుశనగ పొట్టుతో గానీ ఎండుటాకులతో గానీ నింపండి. గొట్టం నోరు ఆ పొట్టు మీద పడేలా ఉంచండి. నీళ్లు కంటికి కనపడకుండా ఇంకిపోతే దోమలకు చోటుండదు, వాసనా రాదు. పొట్టు కుళ్లి అణిగేకొద్దీ పైన కొత్తది వేస్తుండాలి.

ఎర్రనేల అయితే నీళ్లు ఇట్టే దిగిపోతాయి. నల్లరేగడిలో అలా కాదు. ముందుగా గుంతలో రెండు బిందెలు పోసి చూడండి, చాలాసేపు నిలిచాయంటే అవే నీళ్లను నాలుగైదు పాదులకు పంచాలి. సబ్బుల్లోని సోడియం రేగడిని మరీ బిగదీస్తుంది. పైన తెల్లటి పొర కనిపిస్తే కొన్నాళ్లు మంచినీళ్లు పెట్టి, జిప్సం కలపండి. బట్టల సోడా, బ్లీచింగ్ కలిసిన నీళ్లను మాత్రం ఏ నేలకూ వదలొద్దు.

4. అరటి, కొబ్బరి, బొప్పాయి, మెట్టతామర ఈ నీళ్లకు బాగా వస్తాయి. కొత్తిమీర, పాలకూర, ముల్లంగి లాంటివాటికి పెట్టకండి. పచ్చిగా తినేవి, నేలను తాకి పెరిగేవి ఏవైనా అంతే. బోరు ఉంటే దానికి 50 అడుగుల దూరంలోనైనా పాదు ఉండాలి.

5. తొట్టిలో నిల్వ చేద్దామన్న ఆలోచన వద్దు. ఒక్కరోజు దాటితే సబ్బునీళ్లు కుళ్లి కంపు కొడతాయి. ఏ రోజువి ఆ రోజే నేలకు చేరాలి.

6. వంటగది సింకు నీళ్లు కూడా కావాలంటే మధ్యలో జిడ్డు తొట్టి తప్పదు. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా చాలు. బయటికి పోయే గొట్టం నోరు డబ్బా లోపల నీటి మట్టం కంటే కిందికి దిగి ఉండాలి. నూనె పైన తేలుతుంది, మెతుకులు అడుగున చేరతాయి, మధ్య నీళ్లే చెట్టుకు పోతాయి. వారానికోసారి జిడ్డు తీసి మట్టిలో పూడ్చండి.