బెంగళూరు చలిలో చీజ్‌కి పొగ పెట్టడం ఎలా

కోల్డ్ స్మోకింగ్ అంటే ఉడికించడం కాదు, పొగ వాసన పట్టించడమే. పెట్టె లోపల వేడి 30 డిగ్రీలు దాటితే చీజ్ నూనె కక్కుతుంది, అందుకే డిసెంబరు, జనవరి రాత్రులు మంచివి. చెన్నైలో ఉండే మా అక్కకి ఆ భాగ్యం లేదు పాపం.

పెద్ద అట్టపెట్టె, వైర్ గ్రిల్, పాత స్టీలు జల్లెడ, రెండు ఇటుకలు, మామిడి లేదా జామ కట్టె పొట్టు చాలు. వడ్రంగి దగ్గర పొట్టు ఊరికే దొరుకుతుంది కానీ ప్లైవుడ్‌ది, రంగు వేసిన చెక్కది అస్సలు వద్దు, జిగురు పొగ తినడమే అవుతుంది.

మొదటిసారి పళ్ళెంలో పొట్టు పోసి అంటిస్తే పది నిమిషాల్లో ఆరిపోయింది, కింద నుంచి గాలి అందక. జల్లెడను ఇటుకల మీద పెట్టి, బాగా ఎండిన పొట్టును అందులో దోమల కాయిల్‌లా చుట్టగా పేర్చి, ఒక కొసన నిప్పుకణిక పెట్టండి. మంట రాకుండా అగరుబత్తిలా పాకాలి. పెట్టెకి కింద ఒకటి, పైన ఒకటి కన్నం. మేడ మీదే చేయండి, వదిలి వెళ్ళకండి, పక్కింటివాళ్ళకి ముందే చెప్పండి.

తడి తుడిచి, పెట్టెలో జల్లెడకి పైన గ్రిల్ మీద పెట్టిన చీజ్‌కి రెండు మూడు గంటలు చాలు. ఆ రోజే తింటే బూడిద రుచి. కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో వారం ఉంచండి.

చేప, మాంసం మాత్రం వేరే సంగతి. ఈ పొగ క్రిములను చంపదు, ముందు కొలత ప్రకారం ఉప్పు పట్టించాలి. గర్భిణులకైతే పొగచేప పెట్టనే వద్దు.