బ్రేక్ లీవరు వేళ్లకు అందుతోందా?

స్పోర్ట్స్ బైకు కొన్న చాలామంది షోరూములో ఇచ్చిన అమరికతోనే ఏళ్ల తరబడి నడిపేస్తారు. విజయవాడ బెంజ్ సర్కిల్ దాటేలోపు మణికట్టు లాగేస్తే బైకును తిట్టుకుంటారు. చాలా మోడళ్లలో ముందు బ్రేక్ లీవరు మొదలు దగ్గర అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది; లీవరు వేళ్లకు ఎంత దూరంలో ఉండాలో దానితో మార్చుకోవచ్చు. బండి ఆపి, లీవరును ముందుకు నెట్టి పట్టుకుని ఆ చక్రాన్ని తిప్పండి. అంకె సరిగ్గా గుర్తుకు ఎదురుగా ఆగాలి, రెండు అంకెల మధ్య వదలకూడదు. తర్వాత గట్టిగా నొక్కి చూడండి; లీవరు గ్రిప్పును తాకితే మెకానిక్ దగ్గరకు వెళ్లాల్సిందే. కేబుల్ క్లచ్‌కు కాస్త వదులు తప్పనిసరి, అది ఎంత ఉండాలో మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. మే ఎండలో బందరు రోడ్డంతా తిరిగొచ్చాక ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి.